నెల్లూరులో రెండు పేటల ఇళ్ల ధరలను పోల్చి చూడటం ఎలా

కృష్ణపట్నం పోర్టు వైపు ఉద్యోగం చేసే మా తమ్ముడు, నగరంలో ఒక పాఠశాలలో పనిచేసే మా మరదలు నెల్లూరులో ఇల్లు కొనాలనుకున్నప్పుడు వాళ్ల మనసు రెండు చోట్ల మధ్య ఊగింది. ఒకటి మాగుంట లేఅవుట్‌లోని అపార్ట్‌మెంటు ఫ్లాటు, రెండోది వేదాయపాళెంలోని సొంత స్థలంతో కూడిన పాత ఇల్లు. మధ్యవర్తులను అడిగితే మొదటిది ఖరీదైన పేట అనీ, రెండోది చవక అనీ ఒక్క మాటలో తేల్చేశారు. ఆ మాటకు అర్థం ఏమిటో తెలుసుకోవడానికి మాకు దాదాపు అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలల్లో మేము వేసిన లెక్కలను, వాటిలో మొదట చేసిన పొరపాట్లతో సహా, ఇదే పనికి పూనుకున్న మరొక కుటుంబానికి పనికివచ్చే విధంగా ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను ఉదహరించే ధరలన్నీ లెక్క అర్థం కావడానికి అనుకున్నవే తప్ప ఏ పేటలోనూ నేడు నడుస్తున్న ధరలు కావు. మీ ధరలను మీరే సేకరించుకోవాలి, ఎలా సేకరించాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందుగా ఒక విషయం స్పష్టంగా మనసులో పెట్టుకోవాలి. పేటకు ధర అంటూ ఒకటి ఉండదు. వీధికి ఉంటుంది, ఇంటికి ఉంటుంది. దర్గామిట్ట అన్నా, బాలాజీనగర్ అన్నా, స్టోన్‌హౌస్‌పేట అన్నా, ఆ పేరు కింద పెద్ద రోడ్డు మీది స్థలమూ ఉంటుంది, కారు తిరగని సందులోని స్థలమూ ఉంటుంది. అందువల్ల మాగుంట లేఅవుట్‌ను వేదాయపాళెంతో పోల్చడం అనేది మొదటినుంచీ తప్పుదారి పట్టే ప్రశ్న. ప్రతి పేటలో మీరు నిజంగా నివసించగల రెండు మూడు వీధులను ఎంచుకుని, ఆ వీధులను పోల్చండి. రోడ్డు వెడల్పు, పెద్ద రోడ్డుకు దూరం, చుట్టూ ఉన్న ఇళ్ల వయసు, ఈ మూడింటిలో రెండు వైపులా దగ్గరగా ఉండే వీధులను తీసుకుంటేనే తర్వాతి లెక్కలకు విలువ ఉంటుంది.

కొలతలను ఒకటి చేసుకోవడం

మా మొదటి పొరపాటు ఇక్కడే జరిగింది. వేదాయపాళెం ఇంటివారు అంకణం ధర చెప్పారు, ఫ్లాటు అమ్మేవారు చదరపు అడుగు ధర చెప్పారు, మధ్యలో ఒక బంధువు సెంటు లెక్కన సలహా ఇచ్చారు. మూడింటినీ ఒకే కాగితం మీద రాసుకుని, వారం రోజులు అర్థంలేని పోలికలు చేశాము.

నెల్లూరులో స్థలాన్ని ఇప్పటికీ అంకణాల్లోనే బేరమాడతారు. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, అంటే 48.4 గజాలు, కాబట్టి సెంటుకు 6 అంకణాల పైన కొద్దిగా వస్తుంది. అయితే తిరుపతి వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులే. ఆ వైపునుంచి వచ్చిన బంధువో మధ్యవర్తో చెప్పిన అంకణం ధరను నెల్లూరు అంకణం ధరతో పోలిస్తే సగానికి సగం తేడా వస్తుంది. అందుకే ఎవరు ఏ కొలతలో చెప్పినా, మీ పుస్తకంలో మాత్రం గజానికి మార్చి రాసుకోవడం మంచిది. ఉదాహరణకు అంకణం 4,80,000 రూపాయలు అంటే గజం 60,000, చదరపు అడుగు సుమారు 6,667, సెంటు 29,04,000 రూపాయలు అవుతుంది. ఇవన్నీ ఒకే ధరకు నాలుగు పేర్లు. కానీ వినగానే ఒకటి చౌకగా, మరొకటి భయపెట్టేంత ఎక్కువగా అనిపిస్తుంది. బేరం ఆడేవారికి ఆ సంగతి తెలుసు.

ఫ్లాటు విషయంలో ఇంకొక చిక్కు ఉంది. అమ్మేవారు చెప్పే చదరపు అడుగుల్లో మెట్లు, లిఫ్టు, వరండాలు, గోడల మందం అన్నీ కలిసి ఉంటాయి. ఇంటి లోపల మీరు చాప పరుచుకోగల చోటును కార్పెట్ ఏరియా అంటారు. ఇళ్లు, స్థలాల అమ్మకాలను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ఈ కార్పెట్ ఏరియాకు నిర్వచనం ఇచ్చింది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, 8కి మించిన ఫ్లాట్లతో గాని కట్టే కొత్త ప్రాజెక్టులు రెరాలో నమోదు కావాలి, కార్పెట్ ఏరియాను చెప్పాలి. పాత అపార్ట్‌మెంటు అయితే టేపు తీసుకువెళ్లి గది గదినీ మీరే కొలుచుకోండి. ఒక గంట పని. సొంత ఇంటిని కూడా అదే పద్ధతిలో కొలవండి. అప్పుడే రెండింటిలో మీకు దక్కే నివాస చోటు ఎంతో తేలుతుంది.

ఫ్లాటును సొంత ఇంటితో పోల్చే లెక్క

రెండు పేటల్లోనూ ఒకే రకం ఇల్లు దొరికితే పోలిక సులభం. నెల్లూరులో చాలామందికి దొరకదు. ఒకవైపు అపార్ట్‌మెంట్లు పెరిగాయి, మరోవైపు ఇంకా విడి ఇళ్లు మిగిలి ఉన్నాయి. ఇలాంటప్పుడు మొత్తం ధరలను పక్కపక్కన పెట్టి చూడటం వల్ల ఏమీ తెలియదు. ధరలోనుంచి కట్టడం విలువను తీసివేసి, మిగిలినది భూమికి పెడుతున్న ధరగా చూడాలి. ఈ ఒక్క లెక్క మాకు మిగిలిన అన్నింటికంటే ఎక్కువ ఉపయోగపడింది కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాను.

ఫ్లాటు ధర 54 లక్షలు, విస్తీర్ణం 1,200 చదరపు అడుగులు, వయసు పదేళ్లు, దానితో పాటు మీ పేర రిజిస్టరయ్యే అవిభక్త స్థలం, అంటే అపార్ట్‌మెంటు ఉన్న భూమిలో మీ వాటా, అందరూ యూడీఎస్ అని పిలిచేది, 42 గజాలు అనుకుందాం. ఈరోజు అలాంటి కట్టడం కొత్తగా కట్టాలంటే చదరపు అడుగుకు 2,000 రూపాయలు అవుతుందనుకుంటే మొత్తం 24 లక్షలు. ఏడాదికి ఒకటిన్నర శాతం చొప్పున పదేళ్లకు 15 శాతం తరుగు తీసివేస్తే 20,40,000 మిగులుతుంది. 54 లక్షల్లో అది పోగా 33,60,000 రూపాయలు 42 గజాల భూమికి మీరు పెడుతున్న ధర. గజానికి 80,000.

ఇంటి ధర 73 లక్షలు, స్థలం 12 అంకణాలు, అంటే 96 గజాలు, కట్టడం 1,100 చదరపు అడుగులు, వయసు ఇరవై ఏళ్లు అనుకుందాం. అదే 2,000 చొప్పున 22 లక్షలు, 30 శాతం తరుగు పోగా 15,40,000. మిగిలిన 57,60,000 రూపాయలను 96 గజాలతో భాగిస్తే గజానికి 60,000.

మొత్తం ధరలో ఇల్లు 19 లక్షలు ఎక్కువ, భూమి ధరలో ఫ్లాటు గజానికి 20,000 ఎక్కువ. ఏది ఖరీదైనది అన్న ప్రశ్నకు ఇప్పుడు రెండు సరైన జవాబులు ఉన్నాయి. ఈరోజు చేతిలోనుంచి పోయే డబ్బు మీకు ముఖ్యమైతే ఒక జవాబు, ఇరవై ఏళ్ల తర్వాత పిల్లలకు మిగిలేది ముఖ్యమైతే మరొక జవాబు. కట్టడం ఏటేటా తరుగుతుంది, భూమి తరగదు. నిర్మాణ ఖర్చు, తరుగు శాతం అనే రెండు అంకెలనూ మీకు తెలిసిన మేస్త్రీని గాని ఇంజనీరును గాని అడిగి మార్చుకోండి. ముఖ్యమైన నియమం ఒక్కటే, రెండు ఇళ్లకూ ఒకే అంకెలు వాడాలి. ఫ్లాటు పత్రాల్లో అవిభక్త స్థలం ఎన్ని గజాలో స్పష్టంగా రాసి లేకపోతే, అది తేలేవరకు ఆ ఫ్లాటును పోలికలోకే తీసుకోకపోవడం మేలని నా అభిప్రాయం.

ఇక్కడ వాస్తును పక్కన పెట్టడానికి వీలులేదు. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా, కొనేవారిలో ఎక్కువమందికి ఉంది కాబట్టి అది ధరలో కలిసిపోయి ఉంటుంది. తూర్పు, ఉత్తర ముఖాల ఇళ్లకు ఒక ధర, దక్షిణ ముఖానికి మరొక ధర, వీధిపోటు ఉన్న స్థలానికి ఇంకా తక్కువ ధర పలుకుతుంది. ఒక పేటలో తూర్పు ముఖం ఇంటి ధరను, రెండో పేటలో దక్షిణ ముఖం ఇంటి ధరతో పోల్చి, రెండో పేట చౌక అనుకుంటే మీరు పోల్చింది పేటలను కాదు, దిక్కులను.

నిజమైన ధర ఎక్కడ దొరుకుతుంది

ప్రతి ఇంటికీ మూడు ధరలు ఉంటాయి. అమ్మేవారు అడిగేది, ప్రభుత్వం నిర్ణయించిన మార్కెట్ విలువ, చివరకు చేతులు మారిన మొత్తం. మనకు కావలసింది మూడోది, సులభంగా దొరికేవి మొదటి రెండు.

ప్రభుత్వ విలువను రాష్ట్ర రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. నగరంలో అది వార్డు, బ్లాకు, డోరు నంబరు ఆధారంగా ఉంటుంది. నివాస ప్రాంతానికి ఒక రేటు, వాణిజ్య ప్రాంతానికి మరొక రేటు ఉంటాయి. మీరు ఎంచుకున్న వీధుల్లోని రెండు మూడు డోరు నంబర్లు తీసుకుని రెండు పేటల విలువలనూ పక్కపక్కన రాసుకోండి. ఈ విలువలను ప్రభుత్వం అప్పుడప్పుడూ సవరిస్తుంది. మన రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 1 నుంచి అలాంటి సవరణ అమల్లోకి వచ్చింది. అందువల్ల పాత పత్రంలో రాసి ఉన్న విలువను ఇప్పటి విలువతో పోల్చకూడదు.

ఈ విలువకు పోలికలో రెండు ఉపయోగాలు ఉన్నాయి. ఒకటి, రిజిస్ట్రేషన్ ఖర్చు లెక్కకు అది ఆధారం. రెండోది చాలామంది గమనించనిది. 2021 నుంచి మన పురపాలక సంఘాల్లో ఇంటిపన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. అందువల్ల ప్రభుత్వ విలువ ఎక్కువగా ఉన్న పేటలో ఇంటిపన్ను కూడా ఎక్కువగానే ఉంటుంది, విలువ సవరించినప్పుడు ఆ ప్రభావం పన్ను మీదా పడుతుంది. రెండు ఇళ్ల పన్ను రసీదులను అడిగి తీసుకోండి. యజమాని చూపించడానికి ఇష్టపడకపోతే అదీ ఒక సమాచారమే.

చేతులు మారిన ధరను తెలుసుకోవడం కష్టమైన పని. ఆ వీధిలో గడచిన ఏడాదిలో జరిగిన అమ్మకాలను ఈసీ, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ధ్రువపత్రం, ద్వారా చూడవచ్చు, కానీ పత్రంలో రాసే మొత్తం చాలాసార్లు ప్రభుత్వ విలువకు దగ్గరగానే ఆగిపోతుంది. అందుకని పత్రంలోని అంకెను కనీస ధరగా మాత్రమే భావించి, మిగిలినది మనుషులను అడిగి తెలుసుకోవాలి. బ్యాంకు రుణంతో కొన్నవారు మంచి ఆధారం, ఎందుకంటే వాళ్ల ఇంటికి బ్యాంకు తరఫున విలువ కట్టిన నివేదిక ఉంటుంది. పత్రికల్లో బ్యాంకులు ఇచ్చే వేలం ప్రకటనలను కూడా వదలకుండా చదవండి. రుణం తీర్చనందుకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకులు స్వాధీనం చేసుకున్న ఇళ్ల కనీస వేలం ధరను వాటిలో డోరు నంబరుతో, విస్తీర్ణంతో సహా ప్రచురిస్తారు. వేలం ధర సాధారణంగా బజారు ధరకంటే తక్కువగా ఉంటుంది, అయినా అడుగు భాగం ఎక్కడుందో చెప్పే నమ్మదగిన అంకె అది.

మేము చేసిన ఇంకొక పని చాలా సాదాసీదాది. రెండు పేటల్లోనూ ఎంచుకున్న వీధుల్లో నడుచుకుంటూ వెళ్లి, అమ్మకానికి ఉన్న ప్రతి ఇంటి బోర్డునూ, అడిగిన ధరనూ, తేదీతో సహా పుస్తకంలో రాసుకున్నాము. రెండు నెలల తర్వాత మళ్లీ అదే దారిన నడిచాము. ఒక పేటలో బోర్డుల్లో ఎక్కువ భాగం అలాగే ఉన్నాయి, మరో పేటలో చాలావరకు పోయి, కొత్తవి వచ్చాయి. ఆగిపోయిన బోర్డు అంటే అడిగే ధరకు కొనేవారు లేరని అర్థం. అక్కడ మీరు ధైర్యంగా తగ్గించి అడగవచ్చు. అంతకంటే ముఖ్యంగా, రేపు మీరే అమ్మవలసి వస్తే ఎన్ని నెలలు ఎదురుచూడాలో కూడా అదే చెబుతుంది. ధరల పట్టికలో ఎక్కడా కనిపించని విషయం ఇది. ఒక జాగ్రత్త అవసరం. ఆషాఢంలోనూ, మూఢం రోజుల్లోనూ కొనుగోళ్లు మందగిస్తాయి, శ్రావణం వచ్చేసరికి మళ్లీ కదులుతాయి. కాబట్టి ఒక పేటను ఆషాఢంలో చూసి, రెండోదాన్ని శ్రావణంలో చూస్తే తేడా నెలది అవుతుంది, పేటది కాదు. రెండింటినీ ఒకే వారంలో నడవండి.

అద్దెలు చెప్పే నిజం

ఇల్లు కొనేది సొంతంగా ఉండటానికే అయినా అద్దెలను తప్పకుండా విచారించాలి. అమ్మకం ధరలో ఆశ కలుస్తుంది, పోర్టు వస్తుందనో రోడ్డు వేస్తారనో నాలుగు లక్షలు అదనంగా చేరతాయి. అద్దె మాత్రం ఈ నెలలో ఆ ఇంట్లో ఉండటానికి ఒక కుటుంబం నిజంగా చెల్లించే డబ్బు. టులెట్ బోర్డు మీద ఉన్న నంబరుకు ఫోను చేసి అద్దె, అడ్వాన్సు, నిర్వహణ ఖర్చు, నీటి సంగతి అడిగితే నాలుగైదు ఫోన్లకే ఆ వీధి అద్దె తేలిపోతుంది.

మన ఉదాహరణలోని ఫ్లాటుకు నెలకు 14,000 అద్దె వస్తుందనుకుంటే ఏడాదికి 1,68,000, అంటే 54 లక్షల మీద 3.1 శాతం. అందులో నెలకు 2,000 నిర్వహణ కింద పోతే 2.67 శాతానికి దిగుతుంది. ఇంటిని రెండు పోర్షన్లుగా చేసి 10,000, 8,000 చొప్పున ఇస్తే ఏడాదికి 2,16,000, అంటే 73 లక్షల మీద 2.96 శాతం. ఏడాదిలో ఒక నెల ఖాళీ పోతే 2.71 శాతం. పైకి కనిపించిన తేడా ఖర్చులు తీసేసరికి కరిగిపోయింది. కాబట్టి ఎవరైనా మా పేటలో అద్దెలు బాగా వస్తాయి అంటే, చేతికి మిగిలేది ఎంతో అడగండి. ఒక పేటలో ఈ శాతం రెండోదానికంటే బాగా తక్కువగా ఉంటే, అక్కడి అమ్మకం ధరలో రాబోయే రోజుల మీద ఆశ ఎక్కువగా కలిసి ఉందని అర్థం చేసుకోవాలి. ఆ ఆశ నిజమవుతుందా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి డబ్బు మీరు చెల్లిస్తున్నారన్నది మాత్రం తెలియాలి.

రుణం తీసుకునేవారు ధరల తేడాను నెలవారీ కిస్తీలోకి మార్చి చూడాలి. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల రుణంలో ప్రతి 10 లక్షలకూ నెలకు సుమారు 8,680 రూపాయల కిస్తీ పడుతుంది. మన ఉదాహరణలోని 19 లక్షల తేడా నెలకు 16,500 రూపాయలు. మా తమ్ముడికి 19 లక్షలన్నప్పుడు పెద్దగా పట్టింపు కలగలేదు, నెలకు 16,500 అని చెప్పినప్పుడు ఇద్దరూ కూర్చుని ఇంటి ఖర్చుల పుస్తకం తెరిచారు. అదే సమయంలో ఇంట్లో ఒక పోర్షను అద్దెకు ఇస్తే ఆ కిస్తీలో సగం తీరుతుందన్న లెక్క కూడా ఆ సాయంత్రమే తేలింది.

నీరు వచ్చే దారి

నెల్లూరులో ఏ ఇల్లు కొనేవారికైనా నేను అన్నింటికంటే గట్టిగా చెప్పదలచింది ఇదే. మనకు వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. వేసవిలో చూసి కొన్న ఇల్లు కార్తీకంలో ఎలా ఉంటుందో తెలియకుండా బయానా ఇవ్వకూడదు. 2015 నవంబరు వానలు, 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరద ఇంకా అందరికీ గుర్తున్నాయి. 2021లో పెన్నా ఒడ్డు కాలనీలు మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. ఆ రెండు తేదీలనూ పట్టుకుని ప్రతి వీధిలోనూ అడగండి. నీళ్లు వచ్చాయా అని అడిగితే రాలేదంటారు. 2021 నవంబరులో ఈ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయి, ఎన్ని గంటలకు దిగాయి అని అడిగితే నిజం చెబుతారు. ఇంటి యజమానిని కాదు, మూల మీది ఇస్త్రీ బండి అతన్నీ, టీ అంగడి వాళ్లనూ, ఎదురింట్లో అద్దెకు ఉండేవారినీ అడగండి. ప్రహరీ గోడ అడుగున, గేటు ఇనుము మీద, మెట్ల కింది సున్నం మీద నీటి గీత ఉందేమో చూడండి. కొత్తగా రంగు వేసిన గోడ అయితే పక్కింటి గోడ చూడండి.

నది మాత్రమే కాదు, స్వర్ణాల చెరువు, నగరం మధ్యగా పారే సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ, వీటిలోకి నీరు చేరే పల్లాలు కూడా చూడాలి. రోడ్డు మళ్లీ మళ్లీ వేసి ఎత్తు పెరిగిన వీధుల్లో పాత ఇళ్ల గడపలు రోడ్డు కంటే పల్లంలోకి పోయాయి. వేదాయపాళెంలో మేము ఇష్టపడిన మొదటి ఇంటిని ఈ ఒక్క కారణంతోనే వదిలేశాము. ఆ ఇంటి వాకిలి రోడ్డుకు జానెడు కిందికి ఉంది. దాన్ని ఎత్తు చేయించడానికి అయ్యే ఖర్చు ధరలో కలిపితే చౌక అనుకున్న ఇల్లు చౌక కాదని తేలింది.

వాన నీటితోపాటు రాకపోకలు కూడా లెక్కలోకి వస్తాయి. రైలు మార్గం నగరాన్ని రెండుగా చీలుస్తుంది. దాన్ని దాటడానికి ఉన్న అండర్‌బ్రిడ్జిల్లో, మాగుంట లేఅవుట్, రామలింగాపురం దగ్గరివాటితో సహా, గట్టి వానకు నీళ్లు నిలుస్తాయి. మీ బడి, ఆఫీసు, ఆసుపత్రి పట్టాలకు ఏ వైపున ఉన్నాయి, ఇల్లు ఏ వైపున ఉంది అన్నది పటం మీద గీసి చూసుకోండి. తర్వాత ఒక పనిరోజు ఉదయం ఎనిమిదిన్నరకు రెండు ఇళ్లనుంచీ మీ బండి మీద బయలుదేరి గడియారం చూసుకోండి. వేదాయపాళెంనుంచి అయ్యప్పగుడి సెంటరు దగ్గర జాతీయ రహదారి ఎక్కే అనుకూలం పోర్టు దారిలో ముత్తుకూరు వైపు వెళ్లే మా తమ్ముడికి ఎంత విలువైనదో, పాఠశాలకు రోజూ నగరంలోకి రావలసిన మా మరదలికి అంత విలువైనది కాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు పేటల విలువ వేరువేరుగా ఉంటుంది. ఆ నిమిషాలను ఇద్దరికీ విడివిడిగా రాసి, నెలకు ఎన్ని గంటలవుతుందో కలపండి.

తాగునీరు, వాడుక నీరు గురించి ఎక్కువ చెప్పను. కుళాయి నీళ్లు ఏ వేళకు వస్తాయి, బోరు ఎంత లోతు, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు పిలవవలసి వస్తుందా అనే మూడు ప్రశ్నలు చాలు. బోరు నీటిని నోట్లో వేసుకుని ఉప్పదనం చూడండి.

పత్రాలు

ధర తక్కువగా ఉన్న వీధికి కొన్నిసార్లు కారణం పత్రాల్లోనే ఉంటుంది. అందుకే పత్రాల పరిశీలనను చివరికి వదలకుండా పోలికలో భాగం చేసుకోవాలి. ముందుగా రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ నిషేధిత ఆస్తుల జాబితాలో ఆ సర్వే నంబరు గాని డోరు నంబరు గాని ఉందేమో చూడండి. దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూములు, చెరువు పోరంబోకు ఆ జాబితాలో ఉంటాయి. మూలాపేట, రంగనాయకులపేట వంటి పాత పేటల్లో చూస్తున్నవారు గుడులకు చెందిన భూముల సంగతి మరింత శ్రద్ధగా కనుక్కోవడం మంచిది. తర్వాత కనీసం ముప్పై ఏళ్ల ఈసీ తీసుకోండి. వెబ్‌సైటులో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లాలి. లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకు ముందు ఆ ఆస్తి చేతులు మారిన పత్రాలు, వరుసగా ఉన్నాయో లేదో, లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో, కట్టడానికి నగరపాలక సంస్థ ఇచ్చిన ప్లానుకూ నేలమీద ఉన్న ఇంటికీ పొంతన ఉందో లేదో న్యాయవాదికి చూపించండి. ఊరి అంచున కొత్త లేఅవుట్లు చూసేవారు 2017లో ఏర్పడిన నెల్లూరు నగరాభివృద్ధి సంస్థ, అంటే నుడా, అనుమతి నంబరును బోర్డు మీద చూసి ఊరుకోకుండా కార్యాలయంలో సరిచూసుకోవాలి.

బ్యాంకు రుణం ఇచ్చే తీరు కూడా ఒక పరీక్ష. ఒకే బ్యాంకు ఒక వీధిలోని ఇళ్లకు వెంటనే రుణం ఇచ్చి, మరొక వీధి ఇళ్లకు వెనకాడుతూ ఉంటే, ఆ వెనకాడటానికి కారణం ఏమిటో తెలుసుకోకుండా ముందుకు వెళ్లకండి. రేపు మీ దగ్గర కొనేవారికి కూడా రుణం దొరకదు.

చివరి అంకె

ఇవన్నీ అయ్యాక రెండు ఇళ్లకూ మొత్తం ఖర్చును వేయాలి, ఎందుకంటే బేరం కుదిరిన ధర చేతినుంచి పోయే మొత్తం కాదు. మన రాష్ట్రంలో అమ్మకం పత్రానికి స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, కలిపి 7.5 శాతం అవుతుంది. ఒప్పుకున్న ధర, ప్రభుత్వ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్క కడతారు. 54 లక్షల మీద అది 4,05,000, 73 లక్షల మీద 5,47,500. ఫ్లాటు ఇంకా నిర్మాణంలో ఉంటే దాని మీద 5 శాతం జీఎస్టీ పడుతుంది, 54 లక్షలకు 2,70,000. 45 లక్షల లోపు ధర ఉండి, మన ఊరిలాంటి చోట 90 చదరపు మీటర్లకు మించని కార్పెట్ ఏరియా ఉన్న ఇళ్లకు అది 1 శాతమే. నిర్మాణం పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చాక కొన్న ఇంటికీ, పాత ఇంటికీ జీఎస్టీ లేదు. ధర 50 లక్షలు గాని అంతకు మించి గాని ఉంటే అమ్మేవారికి ఇచ్చే మొత్తంలోనుంచి 1 శాతాన్ని ఆదాయపు పన్ను కింద కోసి మీరే జమ చేయాలి. ఇది మీకు అదనపు ఖర్చు కాదు గాని, కోయడం మరచిపోతే బాధ్యత మీ మీదే పడుతుంది. మధ్యవర్తి కమిషను, న్యాయవాది రుసుము, మరమ్మతులు, రంగులు, అవసరమైతే గడప ఎత్తు చేయించడం, ఇవన్నీ కలపండి.

ఈ మొత్తాలను ఒక కాగితం మీద రెండు వరసలుగా రాసి, వాటి కింద గజం భూమి ధర, చేతికి మిగిలే అద్దె శాతం, నెలవారీ కిస్తీ, ఇద్దరి ప్రయాణ గంటలు, 2021 నవంబరు నీటి మట్టం రాయండి. అన్నింటికీ మార్కులు వేసి సగటు తీయడం నాకు నచ్చదు. వీధిలో నడుము లోతు నీళ్లు నిలిచిన ఇంటికి ప్రయాణంలో పది మార్కులు వచ్చినంత మాత్రాన ఆ నీళ్లు తగ్గవు. కాబట్టి నీళ్లు, పత్రాలు, ఈ రెండింటిలో తేలని ఇంటిని ముందే పక్కన పెట్టి, మిగిలినవాటి మధ్యే బేరం ఆలోచించండి. మా తమ్ముడి విషయంలో ఆ కాగితం ప్రకారం వేదాయపాళెంలోనే, మొదట చూసిన ఇంటికి మూడు వీధుల అవతల, రోడ్డుకంటే రెండు మెట్లు ఎత్తున ఉన్న ఇల్లు తేలింది. బయానా ఇచ్చే ముందు వాళ్లు కార్తీక మాసంలో గట్టి వాన పడిన ఒక రాత్రి బండి మీద వెళ్లి, ఆ వీధిలో ఒక గంటసేపు నిలబడి వచ్చారు.